ఖర్చుకు ప్రయోజనాన్ని ముడిపెట్టిన పీపీబీఎస్

1961కి ముందు అమెరికా రక్షణ బడ్జెట్ తయారైన తీరు చూస్తే, తర్వాత వచ్చిన సంస్కరణ ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ హయాంలో మొత్తం ఖర్చుకు ముందే హద్దు గీసి, దాన్ని దళాలకు పంచేవారు. తన వాటాలో దేనికి ముందు, దేనికి వెనుక అన్నది ఏ దళానికాదళమే తేల్చుకునేది. పదాతి దళం సుదీర్ఘ యుద్ధానికి సరుకు నిల్వ చేసుకుంటే, వైమానిక దళం కొద్ది రోజుల్లో ముగిసే అణుయుద్ధాన్ని ఊహించి బాంబర్లకు పెద్దపీట వేసేది. సైనికులను సముద్రాలు దాటించే రవాణా విమానాలకు మాత్రం అదే వైమానిక దళం పద్దులో అంత ప్రాధాన్యం దక్కేది కాదు. సైనిక డివిజన్ ఖర్చు ఒకరి లెక్కలో, దాన్ని మోసుకెళ్లే విమానం ఖర్చు మరొకరి లెక్కలో ఉండేవి.

ఈ లోపాన్ని ర్యాండ్ పరిశోధన సంస్థలోని ఆర్థికవేత్తలు పసిగట్టారు. అణుయుగంలో రక్షణ ఆర్థికశాస్త్రంపై చార్లెస్ హిచ్, రోలండ్ మెకీన్ రాసిన పుస్తకం 1960లో వచ్చింది. మరుసటి ఏడాది ఫోర్డ్ కంపెనీ నుంచి రక్షణ మంత్రిగా వచ్చిన రాబర్ట్ మెక్‌నమారా, హిచ్‌ను రక్షణ శాఖ (పెంటగాన్) లెక్కల విభాగానికి అధిపతిని చేశారు. ప్రణాళిక, కార్యక్రమ రూపకల్పన, బడ్జెట్ ఒకే గొలుసుగా సాగే పీపీబీఎస్ అలా పుట్టి, 1963 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌తో అమల్లోకి వచ్చింది. జీతాలు, కొనుగోళ్లు, నిర్మాణాలు అనే పాత పద్దులతో పాటు, చేయాల్సిన పనిని బట్టి కొత్త పద్దులు ఏర్పడ్డాయి. వైమానిక దళపు బాంబర్లు, మినిట్‌మన్ క్షిపణులు, నౌకాదళపు పొలారిస్ జలాంతర్గాములు ఒకే పద్దు కిందికి చేరాయి. ఒక్క ఏడాది ఖర్చుతో సరిపెట్టకుండా ఐదేళ్ల భారాన్నీ ముందే లెక్కగట్టారు. నా దృష్టిలో ఈ సంస్కరణ ప్రాణం ఇక్కడే ఉంది: ఎవరి వాటా ఎంత అనే బేరం స్థానంలో, ఏ పనికి ఏది మేలు అనే ప్రశ్న వచ్చింది.

యుద్ధాన్ని అంకెల్లో ఇమడ్చలేమనీ, వియత్నాం యుద్ధమే అందుకు సాక్ష్యమనీ విమర్శకులు అంటారు. అక్కడ శవాల లెక్కతో విజయాన్ని కొలవడం ఘోరమైన తప్పే. కానీ పీపీబీఎస్ పని ఏ బలగాలు సమకూర్చుకోవాలో తేల్చడం. యుద్ధం ఎలా నడపాలో చెప్పడం కాదు. ఎఫ్-111 యుద్ధవిమానం ఉదంతం ఇంతకంటే గట్టి అభ్యంతరం. పొదుపు కోసం వైమానిక, నౌకా దళాలు రెండింటికీ ఒకే విమానం అన్నారు. బరువెక్కువైన నౌకాదళ నమూనా విమానవాహక నౌకకు పనికిరాక 1968లో రద్దయింది. ప్రయోజనాన్ని పక్కనపెట్టి పొదుపును పట్టుకున్న ఫలితమది. 1969లో రక్షణ మంత్రిగా వచ్చిన మెల్విన్ లేర్డ్ ఈ పద్ధతిని ఉంచి, ప్రతిపాదనల చొరవను దళాలకు తిరిగిచ్చారు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ అన్ని శాఖలకూ విస్తరించిన ఈ విధానాన్ని పౌర శాఖలు 1971లో వదిలేసినా, పెంటగాన్ వదల్లేదు.

ఈ పద్ధతికి అసలైన జబ్బు జాప్యం. ప్రణాళిక మొదలయ్యాక డబ్బు చేతికందడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఈలోగా డ్రోన్ల, సాఫ్ట్‌వేర్ల తరాలే మారిపోతాయి. 2003లో అమలు దశను జోడించి పీపీబీఈ అని పేరు మార్చినా వేగం పెరగలేదు. కాంగ్రెస్ నియమించిన కమిషన్ 2024 మార్చిలో దీని స్థానంలో కొత్త వ్యవస్థను తేవాలని సిఫారసు చేసింది. ఆ మార్పు రావాల్సిందే. అయితే వేగం కోసం ఖర్చుకూ ప్రయోజనానికీ ఉన్న ముడిని విప్పితే, 1961కి ముందటి వాటాల బేరమే తిరిగొస్తుంది. మార్చాల్సింది గడువులను, పద్దుల సంకెళ్లను; 'ఇది దేనికోసం?' అనే ప్రశ్నను కాదు.