మతం పేరు: తెలుగు

నేనుండేది నాచారంలో. పారిశ్రామికవాడ పక్కనే కావడంతో మా వీధిలో నాలుగు రాష్ట్రాల వారున్నాము. ఆ మధ్య ఒక కార్తీక సాయంత్రం ఎదురింటి మలయాళీ పెద్దాయన పూజకు పిలిచారు. ఆయన మనవడు అయ్యప్ప పాటలు తడుముకోకుండా పాడాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం చదవలేకపోయాడు. "పాట వచ్చు అంకుల్, అక్షరాలు రావు" అన్నాడు చక్కని తెలుగులో. తాతగారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక్కడ మనం ఎక్కువమందిమి. మనం తక్కువమందిమైన చోట ఏం జరిగిందన్న ప్రశ్న నన్ను మారిషస్ చరిత్ర వైపు నడిపించింది.

బానిసత్వం రద్దయ్యే వేళ, 1834 నుంచి, చెరకు తోటల కోసం భారతీయ కూలీలను ఒప్పందం మీద అక్కడికి తీసుకెళ్లారు. వారు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ వచ్చిన వారిలో మన కోస్తా జిల్లాల వారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వారిని 'కోరంగీలు' అన్నారు. అక్కడి హిందువుల్లో భోజ్‌పురి మూలాల వారే అధికం. అంటే మనవారు మైనారిటీలో మైనారిటీ.

వారు నిలుపుకున్నది రామభజన. నడుమ దీపపు సెమ్మె, చుట్టూ తిరుగుతూ పాడే భక్తులు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ కూడా వారితోనే సముద్రం దాటాయి. ఇళ్లలో క్రమంగా క్రియోల్ స్థిరపడింది. తెలుగు దీపం దగ్గర మిగిలింది.

నన్ను ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి. అక్కడి జనగణనలో మతాల పట్టికలో తమిళం, మరాఠీలతో పాటు 'తెలుగు' కూడా ఉంటుంది! మనకు భాష పేరైనది వారికి మతం పేరయింది.

ఆధునిక రాజ్యం ఈ గుర్తింపును కాదనలేదు. ఉగాది అక్కడ జాతీయ సెలవు దినం. ప్రభుత్వ బడుల్లో తెలుగు ఐచ్ఛికంగా నేర్పుతారు. మహాత్మా గాంధీ సంస్థలో పై చదువులూ ఉన్నాయి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

భక్తి భాషను కాపాడిందా, లేక పూజగదిలో పెట్టి తాళం వేసిందా? మొదట నాకు రెండోదే నిజమనిపించింది. కానీ ఆ గది కూడా లేకపోతే, బడిలో తెలుగు కావాలని అడిగేవారెవరు? దేవుడి కోసం దాచుకున్న నాలుగు పాటలే ఆ కోరికకు ఆధారమయ్యాయని ఇప్పుడనుకుంటున్నాను.

ఈ మాట రాసి లేచేసరికి మా అమ్మాయి ఉప్పల్‌లో గుడి కార్యక్రమానికి అన్నమయ్య కీర్తన వల్లె వేస్తోంది. చేతిలోని కాగితం మీద కీర్తన ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

ఎదురింటి తాతగారి నవ్వు అప్పుడర్థమయింది. ఎక్కువమందిమి కదా అన్న ధీమాతో మనం ఆ నాలుగు పాటలైనా దాచుకుంటున్నామా?