వంద – ఒకటి

తుని దాటి అన్నవరం వైపు వస్తుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. వెంటనే బజర్. 14 టైర్ల లారీ, వెనక విశాఖ ఉక్కు చువ్వల లోడు, అర్ధరాత్రి దాటిన వేళ. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఎత్తుకోవడం లేదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎడమ పక్కకు లాగీ లాగకముందే ఇంజిన్ తనంతట తనే ఆగిపోయింది.

క్లీనరు కుర్రాడు దూకి చక్రాలకు రాళ్లు పెట్టాడు. వెనక నుంచి వచ్చే బండ్లకు తెలిసేలా రోడ్డు మీద కొమ్మలు పరిచాడు. డ్రైవరు ఓనరుకు ఫోన్ చేశాడు.

“బాబుగారూ, ఎర్ర లైటు పడింది. ఆయిల్ బొమ్మ చూపిస్తోంది. ఇంజిన్ ఆగిపోయింది.”

“మళ్లీ ఆ సెన్సరేరా. పోయినసారీ అంతేగా! సెల్ఫ్ కొట్టి మెల్లగా టోల్‌గేటు దాకా లాక్కొచ్చెయ్. పొద్దున్నే విజయవాడలో లోడు దిగాలి.”

ఓనరుకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. అంతకు కొన్నాళ్ల ముందు ఇదే బండిలో ఇదే బొమ్మ వెలిగింది. రోడ్డు పక్క షాపులో కొత్త సెన్సర్ వేశారు. అసలు తప్పు సెన్సర్‌ది కాదు, బ్రాకెట్‌కు ఒరుసుకుని వైరు తొడుగు పోయింది. టేపు చుట్టి, కోడ్ చెరిపి పంపారు. లైటు మళ్లీ రాలేదు. డబ్బు పోయింది, అనుమానం మాత్రం సెన్సర్ మీదే ఉండిపోయింది.

ఇలా కంప్యూటర్ ఆపేసిన ఇంజిన్ తాళం తిప్పితే మళ్లీ లేస్తుంది. నడిరోడ్డు మీదో, రైల్వే గేటు మీదో చిక్కుకున్న బండిని క్షేమంగా పక్కకు తీసుకోవడానికే ఆ వెసులుబాటు. టోల్‌గేటు దాకా ప్రయాణం చేయడానికి కాదు. డ్రైవరు చెయ్యి తాళం మీదే ఉంది. పోయినసారి షాపులో చెప్పిన కోడ్‌ను డీజిల్ బిల్లు వెనక రాసుకున్నాడు: 100–4. స్క్రీన్ మీద ఇప్పుడున్నది 100–1. ఆ తేడా ఏమిటో అతనికి తెలియదు. తేడా ఉందని మాత్రం గమనించాడు. రాజమండ్రిలో తనకు తెలిసిన మేస్త్రీని నిద్ర లేపాడు.

“రెండో అంకె ఎంతన్నావ్?”

“ఒకటి, మేస్త్రీగారూ.”

“సెల్ఫ్ కొట్టకు. తాళం తీసి జేబులో పెట్టుకో. తెల్లారేసరికి వస్తా.”

ఈ కథకు ప్రాణం ఆ రెండో అంకెలోనే ఉంది. పెద్ద లారీల్లో కంప్యూటర్లు మాట్లాడుకునే ‘జె1939’ అనే పద్ధతిలో ప్రతి లోపానికీ రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఎక్కడో చెబుతుంది: 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, 110 అంటే కూలెంట్ వేడి, 111 అంటే కూలెంట్ మట్టం. రెండోది ఎలాగో చెబుతుంది. 3, 4 వస్తే కరెంటు గొడవ, అంటే వైరో, ప్లగ్గో, సెన్సరో చూసుకోవాలి. 0 వస్తే ఉండాల్సినదానికంటే ప్రమాదకరంగా ఎక్కువ, 1 వస్తే ప్రమాదకరంగా తక్కువ. అంటే 100–4 వైరు సంగతి. 100–1 అయితే క్రాంక్‌కూ బేరింగులకూ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర సంగతి. ఆ పొర చిరిగిందంటే ఇనుముకు ఇనుము రాసుకుని ఇంజిన్ పట్టేస్తుంది.

తెల్లారి మేస్త్రీ వచ్చాడు. స్కానర్ బయటికి తీయకముందే డిప్‌స్టిక్ లాగాడు. ఆయిల్ పై గీత కంటే పైకి ఉంది. “చూశారా, ఆయిల్ ఫుల్లుగానే ఉంది!” అన్నాడు క్లీనరు సంబరంగా. మేస్త్రీ మాట్లాడలేదు. రెండు వేళ్ల మధ్య ఒక చుక్క రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మజ్జిగ తేటలా జారిపోతోంది. గుప్పున డీజిల్ వాసన. ఆయిల్ తగ్గనందుకు డ్రైవరు రోజూ నిశ్చింతగా ఉన్నాడు గానీ, మట్టం పెరగడమే అక్కడ జబ్బు. వాడుతున్న కొద్దీ ఆయిల్ కాస్త తగ్గాలి, పెరగకూడదు.

అయినా మేస్త్రీ తన ముక్కును మాత్రమే నమ్మి ఊరుకోలేదు. నాకు ఆ పనితనంలో బాగా నచ్చింది అదే. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ లేపకుండా స్కానర్‌లో ప్రెషర్ చూశాడు: సున్నా. ఆగిన ఇంజిన్‌కు అంతే ఉండాలి. ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెడితే సెన్సర్‌కు అందాల్సిన 5 వోల్టులూ అందుతున్నాయి. ప్లగ్గు ఊడి ఉన్నంతసేపూ కోడ్ 100–4గా మారింది, తిరిగి పెట్టగానే అది పోయింది. వైరు బాగానే ఉంది, కంప్యూటర్ సరిగ్గానే చదువుతోంది.

బండిని వర్క్‌షాపుకు కట్టి లాక్కెళ్లారు. డీజిల్‌లో మెరిసే రంగు కలిపి, పై కవర్ విప్పి అతినీలలోహిత లైటు వేస్తే, ఒక ఇంజెక్టర్ మొదట్లో సన్నటి పసుపుపచ్చ చార మెరిసింది. అక్కడి రబ్బరు రింగు తెగి, డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది. ఆయిల్ చాంబర్ దించి బేరింగులు చూశారు. గీతలు పడ్డాయి, పట్టేయలేదు. రింగు, బేరింగులు, ఆయిల్, ఫిల్టర్ మార్చి, ముల్లు గేజీ బిగించి ఇంజిన్ లేపారు. గేజీ చూపిన ప్రెషర్, స్కానర్ చూపిన ప్రెషర్ ఒక్కటే. అందరూ తిట్టిన సెన్సర్ నిజమే చెప్పింది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక లారీల్లో సెన్సర్లు బాగా పెరిగాయి, లైట్లూ పెరిగాయి. విసుగొచ్చి కోడ్ చెరిపించేసుకునే అలవాటూ పెరిగింది. లారీ ఓనర్లకు, డ్రైవర్లకు నా మనవి ఒక్కటే. పసుపు లైటు పడితే దగ్గరి వర్క్‌షాపులో చూపించండి. ఎర్ర లైటు పడితే పక్కకు తీసి ఆపండి, మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. కోడ్‌లోని రెండు సంఖ్యలూ కాగితం మీద రాసుకోండి. మేస్త్రీ చూసేదాకా ఎవరినీ దాన్ని చెరపనివ్వకండి.