గుణింతాలు, వత్తులు, ఆపరేటింగ్ సిస్టంలు

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం, ఒక ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాన్ని మరో ప్రోగ్రాం నేరుగా అందుకోవాలని, అందుకు సాదా అక్షరపాఠమే ఉమ్మడి రూపంగా ఉండాలని భావించిన వారి చేతుల్లో ఎదిగింది. అయితే ఆ పాఠానికి ఆధారమైన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 స్థానాలే కాబట్టి, అందులో తెలుగుకు చోటు లేదు. చోటు దొరికినా చిక్కు తీరేది కాదు, ఎందుకంటే ఒక అక్షరానికి ఒక సంఖ్య, ఒక సంఖ్యకు ఒక ఆకారం అన్న ఆ పట్టిక సూత్రానికి గుణింతాలు, వత్తులు లొంగవు.

చౌడేపల్లె అన్న ఊరి పేరునే తీసుకుంటే, చివరి ‘ల్లె’లో ఎత్వం మొదటి లకారం నెత్తిన కూర్చుంటుంది, రెండో లకారం వత్తుగా కిందికి దిగుతుంది; పలికేటప్పుడు మాత్రం ఎత్వానిది చివరి స్థానం. యంత్రం గుర్తుంచుకోవలసింది కంటికి కనిపించే వరసనా, నోటితో పలికే వరసనా అన్నదే అసలు వివాదం.

1991లో భారతీయ ప్రమాణంగా వెలువడిన సంకేతాల పట్టిక ఇస్కీ, పలికే వరసనే ఎంచుకుంది. దాని ప్రకారం ‘ల్లె’ అంటే ల, పొల్లు, ల, ఎత్వం. వాటిని కూర్చి చూపడం తెరను నడిపే సాఫ్ట్‌వేర్ పని. బ్రాహ్మీ నుంచి పుట్టిన ప్రధాన భారతీయ లిపులకు ఒకే సంకేతాలు వాడడం వల్ల, తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పం వంటి ప్రాంతంలో ఒకే పాఠాన్ని లిపి మార్చి చూపడానికి, తమిళంలో కొన్ని అక్షరాల లోటు ఉన్నా, దారి ఏర్పడింది. ఇది నిజంగా గొప్ప ఊహ. కానీ ఆనాటి ఆపరేటింగ్ సిస్టంలు ఆ కూర్పు పనిని తలకెత్తుకోకపోవడంతో, డీటీపీ కేంద్రాలు అను వంటి ఫాంట్లను ఆశ్రయించి, అక్షరాల ముక్కలనే సంకేతాలుగా దాచుకున్నాయి. అచ్చు అందంగానే వచ్చేది; ఫాంటు మారితే మాత్రం పాఠం చదవరాని గీతలయ్యేది, అందులో ఒక పేరు వెతకడమూ కష్టమే.

1991 నాటి యూనికోడ్, ఇస్కీ క్రమాన్నే అనుసరిస్తూ, ప్రతి లిపికీ విడి స్థానాలిచ్చింది. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టం కోసం రూపొందించారు. పాత ఆస్కీ పాఠం చెక్కుచెదరకూడదన్న నియమానికి తెలుగు కొంత మూల్యం చెల్లించింది: చౌడేపల్లె అన్న తొమ్మిది సంకేతాల పేరు ఇస్కీలో 9 బైట్లు, యూటీఎఫ్-8లో 27. అయినా పాత ప్రోగ్రాంలు విరగకుండా ప్రపంచ లిపులన్నీ ఇమిడినందుకు ఆ ధర ఎక్కువేమీ కాదు.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు కూర్పును వ్యవస్థలోకే తెచ్చింది. కూర్పు బాధ్యత ఆపరేటింగ్ సిస్టానికి చేరాక దాని లోపాలూ అక్కడికే చేరాయి: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్య కంటికి కనిపించని ఒక విభజన సంకేతం చేరిన సందేశం వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, అదే నెలలో యాపిల్ దాన్ని సరిదిద్దింది.

ప్రోగ్రామింగ్ భాషల్లో మాత్రం గుణింతాలు, వత్తుల గుర్తులను అక్షరాలుగా లెక్కించాలా అన్న వాదం ఇంకా తెగలేదు. 2008 నాటి పైథాన్ 3, చౌడేపల్లె అన్న మాటను చలరాశికి, అంటే విలువను దాచే గడికి, పేరుగా అంగీకరిస్తుంది. 2009లో వెలువడిన గో భాష పేర్లలో అక్షరాలను, అంకెలను మాత్రమే ఒప్పుకుని, ఔత్వం, ఏత్వం, పొల్లు వంటి చేర్పు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు కాబట్టి, ఆ పేరును తిరస్కరిస్తుంది. గో రూపకర్తలు ముగ్గురిలో ఇద్దరు, యూటీఎఫ్-8ను రూపొందించిన థాంప్సన్, పైక్‌లే.