రాజుగారి ఫోటోలు, మా అవ్వ చేతులు

ఏడాదిన్నరగా మేం ఆరుగురు ఇంజనీరింగ్ క్లాస్‌మేట్లం ఒక ఆట ఆడుతున్నాం. వారానికి ఒకరు ఒక మాట చెప్తారు. తలుపు, నీడ, ఎరుపు, ఎదురుచూపు.. ఇట్లా. ఆదివారం రాత్రిలోపు ఆ మాటకు తగ్గ ఫోటో ఒకటి మిగతావాళ్ళకి పంపాలి. రూల్స్ రెండే. ఆ వారంలో తీసిందే అయ్యుండాలి, రోజూ మసిలే చోటే తీసుండాలి. గోవా ట్రిప్పు ఫోటోలు చెల్లవన్న మాట :)

ఇదేదో ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన సరదా అనుకునేవాణ్ణి. కాదు. ఫోటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసింది 1839లో. 1855కల్లా లండన్‌లో కొందరు ఔత్సాహికులు ఫోటోగ్రాఫిక్ ఎక్స్ఛేంజ్ క్లబ్ పెట్టుకుని తమ ప్రింట్లు ఒకరికొకరు పంచుకున్నారు. తర్వాత బ్రిటన్‌లో పోస్టు క్లబ్బులొచ్చాయి. ఫోటోల పెట్టె ఒక సభ్యుడి నుంచి ఇంకొకరికి పోస్టులో తిరిగేది, విమర్శలు రాసే నోటుబుక్కుతో సహా. మన దేశంలో కూడా బొంబాయిలో 1854లో, మద్రాసులో 1857లో ఫోటోగ్రాఫిక్ సొసైటీలు మొదలయ్యాయి.

మరి నిజాం రాజ్యంలో? ఇక్కడ కథ మనకి బాగా దగ్గరగా ఉంటుంది. రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగంలో చేరాడు. ఉద్యోగం చేస్తూనే పక్కన కెమెరా నేర్చుకున్నాడు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేశాడు. (మనలో సగంమంది వీకెండ్ కల ఇదే కదా!) ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌ని చేశాడు, 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. 1892లో పరదా చాటు స్త్రీల కోసం హైదరాబాద్‌లో దీన్ దయాళ్ ప్రత్యేకంగా స్టూడియో తెరిచాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా బిళ్ళ కూడా వేశారు.

ఆ మహబూబ్ అలీ ఖాన్ పేరుమీదే మహబూబ్‌నగర్ వచ్చింది. మా మక్తల్ 2019 నుంచి నారాయణపేట జిల్లాలోకి పోయింది గానీ, అప్పటిదాకా ఆ పేరు కిందే ఉంది. అందుకే దీన్ దయాళ్ ఫోటోల్లో మావాళ్ళ కోసం వెతికా. నేను చూసినంతవరకు ఎక్కువగా ఉన్నవి మహళ్ళు, విందులు, వేటలు, కవాతులే. ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. డబ్బిచ్చేవాడే థీమ్ కూడా ఇస్తాడు.

1888లో కొడాక్ కెమెరా, 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ వచ్చి అమెరికాలో మామూలు మనుషుల చేతికి కెమెరా ఇచ్చాయి. మా వైపు అది రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1993లో శేషన్ గారు ఓటరు ఫోటో కార్డులు పెట్టమన్నాక మా ఇంట్లో మొదటిసారి అవ్వని ఫోటో తీశారు. అంటే ఆ థీమ్ ఇచ్చింది సర్కారు. గోడకి నిలబెట్టి, కదలకమ్మా అని, టక్కున నొక్కి, నెక్స్ట్!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే..

పోయిన చలికాలంలో మా ఆటలో ఒక వారం 'చేతులు' వచ్చింది. ఊరికి పోయినప్పుడు అవ్వ వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. ఫోన్ తీశా. "నా చేతులల్ల ఏముందిరా బిడ్డా, ముడతలు తప్ప" అంది. జొన్న రొట్టెల పెనం కాల్చిన మచ్చ, వయసులో వలసపోయి ప్రాజెక్టుల మీద మట్టి మోసిన వేళ్ళు. ఏ ప్రాజెక్టులని ఒక్కనాడూ అడగలేదు నేను. ముఖం అడ్డమొస్తోందని క్రాప్ చేసి పంపించా. ఆ వారం అందరూ నాదే బాగుందన్నారు.

నాలుగు నెలలకి అవ్వ పోయింది. దండ వేయడానికి ఫోటో కావాలంటే ఇల్లంతా వెతికాం. చివరికి ఓటరు కార్డులోదే స్టూడియోలో పెద్దది చేయించాం. చెంప మీద ముద్ర మరక పూర్తిగా పోలేదు. ఎంతో కొంత బాగున్న ముఖం నా ఫోన్లో ఉండేది, దాన్ని థీమ్ కోసం నేనే కత్తిరించేశా. ఒరిజినల్ కూడా ఉంచుకోలేదు.

విచిత్రమేంటంటే, మా నాన్న గోడమీది ఫోటో వైపు పెద్దగా చూడడు. ఆ చేతుల ఫోటో మాత్రం అడిగి మరీ తన ఫోన్లోకి వేయించుకున్నాడు. "ఆ మచ్చ ఎట్లయిందో నాకు తెలుసు" అన్నాడు, అంతే. గోడమీద ఉన్నది ఓటరు. ఫోన్లో ఉన్నది వాళ్ళమ్మ.

అందుకే ఈ ఆటని టైంపాస్ అనుకోలేకపోతున్నా. రాజుగారూ సర్కారూ ఎప్పుడూ ఇవ్వని థీమ్‌లు ఇవి: చేతులు, గడప, చాట, రొట్టె. వీటిని మనం తీయకపోతే ఇంకెవరూ తీయరు.

ఈ వారం మాట చెప్పే వంతు నాది. 'ముఖం' అన్నా. ఈసారికి ఇంకో రూలు కలిపా. ఇంట్లో పెద్దవాళ్ళదే తీయాలి, క్రాప్ చేయకూడదు. మీరూ ఈ ఆదివారం ప్రయత్నించండి. తీసేటప్పుడు ఆ మచ్చ ఎట్లయిందో కూడా అడగండి.