సొమ్ము, స్వామ్యం: తెలుగు స్త్రీల నగల చరిత్రలో ఒక న్యాయ ప్రశ్న

తెలుగులో ‘సొమ్ము’ అనే మాటకు ధనమనీ, ఆభరణమనీ రెండర్థాలున్నాయి. కొన్ని ప్రాంతాల్లో పశువులను కూడా సొమ్ములనే అంటారు. ‘తనది’ అనే అర్థమున్న సంస్కృత ‘స్వమ్’ శబ్దానికి ఇది వికృతి అని నిఘంటువులు చెబుతాయి. ఈ వ్యుత్పత్తిని అంగీకరిస్తే నగ అలంకారం మాత్రమే కాదు, ఒకరి సొంతమని చెప్పే గుర్తు కూడా. మనుషులు తమ వస్తువుల్లో కొన్నిటినే ప్రాణప్రదంగా ఎందుకు దాచుకుంటారన్న ప్రశ్నకు జ్ఞాపకం, అందం, వంశగౌరవం అన్నవి సాధారణంగా వినిపించే సమాధానాలు. తెలుగు స్త్రీకి బంగారం మీద ఉన్న మమకారాన్ని ‘నగల మోజు’ అని తేలికచేసి మాట్లాడటమూ పరిపాటే. ఆ మమకారానికి న్యాయశాస్త్రంలో ఉన్న మూలాన్ని ఈ సమాధానాలేవీ పట్టించుకోవు. ఇంట్లో ఆమె చేతిమీదుగా నడిచే వస్తువుల్లో చాలావరకు ఆమెవి కావు. ఒంటిమీది నగలు ఆమెవి.

మనుస్మృతి స్త్రీధనాన్ని ఆరు విధాలుగా చెప్పింది. అగ్నిసాక్షిగా ఇచ్చినది, అత్తవారింటికి వెళ్ళేటప్పుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినవి. యాజ్ఞవల్క్యుడు ఈ జాబితాకు, భర్త మరో పెళ్ళి చేసుకున్నప్పుడు మొదటి భార్యకు ఇచ్చే ‘ఆధివేదనికం’ మొదలైనవాటిని చేర్చాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో మితాక్షరిని రచించిన విజ్ఞానేశ్వరుడు ఆ ‘మొదలైనవి’ అన్న ఒక్క మాటను ఆధారం చేసుకున్నాడు. వారసత్వంగా వచ్చినది, కొన్నది, పంపకంలో దక్కినది, దొరికినది కూడా స్త్రీధనమేనని వ్యాఖ్యానించాడు. వ్యాకరణం ద్వారా ఆస్తిహక్కును విస్తరింపజేసిన అరుదైన సందర్భమిది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

అయితే అదే యాజ్ఞవల్క్యస్మృతి ఒక మినహాయింపునూ ఇచ్చింది. కరవులో, ధర్మకార్యంలో, రోగంలో, నిర్బంధంలో భార్య ధనాన్ని వాడుకున్న భర్త దాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదు. కరవు, రోగం అన్నవాటికి హద్దులుంటాయి. ధర్మకార్యానికి హద్దు గీయడం కష్టం. ‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు’ అన్న సామెత పుట్టినది ఇలాంటి అనుభవాల నుంచే కావచ్చు.

వలసపాలనలోని న్యాయస్థానాలు విజ్ఞానేశ్వరుని విస్తృత వ్యాఖ్యను నిలబెట్టలేదు. భర్త నుంచి భార్యకు వారసత్వంగా సంక్రమించిన ఆస్తి స్త్రీధనం కాదని 1867లో భగవాన్‌దీన్ దూబే, మైనాబాయి వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. వితంతువుకు భూమి దక్కినా అది పరిమిత హక్కు మాత్రమే. న్యాయసమ్మతమైన అవసరం చూపకుండా ఆమె దాన్ని అమ్మలేదు. ఆమె తరువాత ఆ భూమి ఆమె వారసులకు కాక భర్త వారసులకు పోతుంది. భూమి విషయంలో హక్కు ఇలా కుంచించుకుపోయాక మిగిలింది బంగారం. తీరాంధ్రలో పసుపుకుంకుమల కింద ఆడపిల్లకు పొలం ఇచ్చే ఆచారం ఉన్నా, అది పొలం ఉన్న ఇళ్ళ మాట.

ఈ నేపథ్యంలో కాసులపేరును చూస్తే దాని నిర్మాణమే ఒక ఆర్థిక వివేకంగా తోస్తుంది. కాసులు వరసగా గుచ్చిన ఆ హారం నుంచి అవసరమైనప్పుడు ఒక్కో కాసును విడిగా తీయవచ్చు. వడ్డాణాన్ని తూచి కుదువ పెట్టవచ్చు. పుస్తెల జోలికి మాత్రం అన్నీ అయిపోయాకే వెళ్తారు. రిజిస్ట్రారు కచేరీ, సాక్షి సంతకాలు, మగవాడి తోడు లేకుండా చదువురాని స్త్రీ కూడా చేతులు మార్చగల ఆస్తి ఇది. దొంగకు భయపడవలసినదీ, ఇంటివారి కంట పడేదీ ఇదే.

ఈ ఆస్తినే జాతీయోద్యమం అడిగింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని తీర్మానించింది. వెంటనే సాగిన ఆంధ్ర పర్యటనలో గాంధీ సభలకు వచ్చిన స్త్రీలు గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలను సమర్పించింది. ఆమె అకాలమరణం తరువాత గాంధీ ఆ త్యాగాన్ని తన పత్రికలో స్మరించారు. కాకినాడ ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ బాలిక దుర్గాబాయి దేవదాసీలకు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలకు గాంధీతో ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేయించింది. అందుకు నిర్వాహకులు అడిగిన 5000 రూపాయలను సమకూర్చింది దేవదాసీలే. సమాజం హీనంగా చూసిన ఈ స్త్రీలకు, గౌరవనీయ గృహిణికి లేని ఒక హక్కు ఉండేది. వారి ఆస్తి తల్లి నుంచి కూతురికి సంక్రమించేది. మద్రాసు న్యాయస్థానాలు కూడా ఈ ఆచారాన్ని గుర్తించాయి. కనుక వారిచ్చిన విరాళం, భర్త సమ్మతి కోసం ఎదురుచూడనక్కరలేని స్త్రీలు ఇచ్చిన విరాళం.

సమ్మతి ప్రశ్న గాంధీనీ వెంటాడింది. 1934 జనవరిలో మలబారులోని వడకరలో కౌముది అనే పదహారేళ్ళ యువతి హరిజన నిధికి తన నగలన్నీ ఇచ్చినప్పుడు తల్లిదండ్రుల అనుమతి ఉందా అని ఆయన అడిగారు. ఇచ్చినవాటి బదులు కొత్తవి చేయించుకోకూడదన్నది ఆయన నియమం. నగలను స్త్రీ దాస్యానికి గుర్తులుగా చూసిన ఆయన దృష్టిలో ఇది విముక్తి. కానీ వేరే ఆస్తి లేని స్త్రీ విషయంలో ఆ నియమం ఆమె ఏకైక నిల్వను శాశ్వతంగా తీసివేస్తుంది. అన్నపూర్ణాదేవి వంటివారి త్యాగం పెద్దదనడానికి కారణం బంగారం తూకం కాదు, ఆ తరువాత ఆమె పేరిట ఏమి మిగిలిందన్నది. జాతీయోద్యమ చరిత్రలు ఈ విరాళాలను మొత్తాలుగా నమోదు చేస్తాయి. ఇచ్చినవారి ఆస్తిస్థితిని లెక్కలోకి తీసుకోవడం అరుదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను స్త్రీ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. విజ్ఞానేశ్వరుడు చెప్పినదానికి దాదాపు ఎనిమిది శతాబ్దాల తరువాత చట్టం చేరువైంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా మాత్రం అప్పుడూ రాలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటాను కల్పించింది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను అందులో నుంచి మినహాయించింది. వారికి పుట్టింటి ఆస్తిలో వాటా పెళ్ళినాడు పెట్టిన నగలేనన్న పాత లెక్కనే చట్టం మరోసారి ఖాయం చేసింది. అదే 1985లో ప్రతిభారాణి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా భార్య సొత్తేనని, దాన్ని తిరిగి ఇవ్వని భర్తపై నమ్మకద్రోహ నేరం మోపవచ్చని తీర్పు ఇచ్చింది. పొలానికి దస్తావేజు ఉంటుంది. కాసులపేరు తనదేనని ఆ భార్య కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి.