గ్రాట్యుటీ నుదుటిరాత కాదు: భిలాయి చెప్పే పాఠం

"కాంట్రాక్టు కార్మికుడికి గ్రాట్యుటీ ఉండదు" అనే మాట చాలామంది నోట వింటూ ఉంటాం. పదిమంది అన్నంత మాత్రాన ఏ మాటా నిజమైపోదు కదా! చట్టంలో ఏముందో చూద్దాం.

1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఫ్యాక్టరీలోనో గనిలోనో జీతానికి పనిచేసే మనిషి ఉద్యోగి. అందులో అప్రెంటిస్‌ను మినహాయించారు గానీ కాంట్రాక్టు కార్మికుడిని మినహాయించలేదు. ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలన్నారు. మామూలుగా ఏడాదికి 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. మరి చిక్కు ఎక్కడుంది? "ఎవరి దగ్గర ఐదేళ్లు?" అన్న ప్రశ్నలో ఉంది.

ఈ ప్రశ్నకు దుర్గ్ జిల్లాలో పెద్ద చరిత్రే ఉంది. సోవియట్ సహాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. దానికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది. ఆ గనులు అప్పట్లో దుర్గ్ జిల్లాలోనే ఉండేవి, ఇప్పుడు బాలోద్ జిల్లాలో ఉన్నాయి. చేతులతో ఖనిజం తవ్వి లారీలకెత్తిన వారిలో వేలమంది కాంట్రాక్టర్ల కూలీలు. పర్మినెంటు కార్మికుడికి దక్కేవి వీళ్లకు దక్కేవి కావు. 1977లో వీళ్లు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నారు. వానాకాలానికి ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి డబ్బు అడిగారు. ఆ జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు.

తర్వాత పోరాటం భిలాయి చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీలకు పాకింది. పర్మినెంటు ఉద్యోగం, బతకడానికి సరిపడే జీతం వాళ్ల ముఖ్యమైన డిమాండ్లు. 1991 సెప్టెంబరు 28న నియోగిని ఇంట్లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. 1992 జులై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద కాల్పులు జరిగాయి. పదిమందికి పైగా చనిపోయారు.

పర్మినెంటు అన్న మాటకు అంత విలువెందుకో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. నెలకు 13,000 రూపాయల జీతం అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500. ఏడాదికి 15 రోజుల చొప్పున 7,500. పన్నెండేళ్లకు 90,000 రూపాయలు. అదే మనిషి అదే గేటులోంచి వెళ్లి అదే పని చేసినా, మూడేళ్లకోసారి టెండరు మారి నలుగురు కాంట్రాక్టర్ల పేర్లు మారాయనుకోండి. ఎవరి లెక్క వాళ్లదే అంటే చేతికొచ్చేది సున్నా. ఇది ప్రాప్తం కాదు, కాగితాల మహిమ.

కోర్టులు ఏమన్నాయి? కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. మద్రాస్ ఫెర్టిలైజర్స్ కేసులో మద్రాసు హైకోర్టు గ్రాట్యుటీకీ ఇదే సూత్రం వర్తింపజేసింది: ముందు అసలు యజమాని చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. భిలాయి కర్మాగారం యజమాని అయిన సెయిల్ కేసులో 2001లో సుప్రీంకోర్టు వేరే ప్రశ్న తేల్చింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన కార్మికులు వాటంతట అవే కంపెనీ ఉద్యోగులైపోరు అంది. కాంట్రాక్టు ఉత్త బూటకమని రుజువైతే మాత్రం వాళ్లు కంపెనీ ఉద్యోగులే.

2025 నవంబరు 21 నుంచి 1972 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అందులో యజమాని అన్న మాటలోకి కాంట్రాక్టరూ వస్తాడు. నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాది సర్వీసు చాలని కార్మిక శాఖ చెప్పింది. కానీ దానికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కాంట్రాక్టరు దగ్గర పనిచేసినంత మాత్రాన ఎవరూ ఆ కోవలోకి రారు.

అంటే చివరికి అన్నీ రుజువు దగ్గరికే వస్తాయి. గేటు పాసు, పీఎఫ్ ఖాతా, ఈఎస్ఐ కార్డు, జీతం చీటీ దాచుకున్నవాడు వాదించగలడు. "మనకు రాసిపెట్టి లేదు" అనుకున్నవాడి సొమ్ము ఎవరికి మిగులుతుందో వేరే చెప్పాలా?