సీసా మీది సిపాయి

చార్మినారు దాపున మూలికల అంగడి ముందు ఒక్క నిమిషము నిలిచినవారికి ఆ వాసన మరపునకు రాదు. కర్పూరము, అతిమధురము, సునాముఖి, ఎండిన గులాబి రేకులు అన్నియు కలిసి గోనెసంచుల మీదుగా వీధిలోనికి వచ్చును. ఇట్టి అంగళ్లలో పెక్కు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించినవి. మనము దుకాణదారు అందుము గాని, ఇరుగుపొరుగువారికి అతడు సగము వైద్యుడు. ఎవరి ఇంట దగ్గు తగ్గలేదో, ఏ ముసలివానికి మోకాళ్లు పట్టుకొనినవో అతనికి తెలియును.

కుటుంబములు నడపిన ఈ మందుల వృత్తిని, నిజాము కొలువులో జీవితము గడపిన సిపాయిలను ఒకచోట చూడవలెనని మా ఉద్దేశము. అయితే ముందుగా గంజాయి కథ కొంత చెప్పవలసియున్నది. మందు, కుటుంబపు దుకాణము, మాజీ సైనికుడు అను మూడు మాటలు నేడు ప్రపంచమున కలిసి వినబడుచున్నది ఆ మొక్క విషయముననే. 1996లో అమెరికాలోని కాలిఫోర్నియా ఓటర్లు వైద్యావసరమునకు దానిని అనుమతించిరి. తరువాత పెక్కు రాష్ట్రములు అదే దారి పట్టినవి. కుటుంబములు నడుపు విక్రయశాలలు వెలసినవి. యుద్ధభూమి నుండి తిరిగివచ్చి రాత్రులు నిద్రపట్టనివారు, పాతగాయపు బాధ తీరనివారు ఆ గడపలు తొక్కిరి. కేంద్రశాసనము అడ్డువచ్చి, మాజీ సైనికుల ప్రభుత్వ వైద్యాలయములలోని వైద్యులు దానిని వ్రాసియిచ్చుటకు చాలకాలము వీలులేకపోయెను. ప్రభుత్వము చేయలేని పని వీధిలోని అంగడి చేసినదని అచటివారిలో కొందరందురు. అది ఎంతవరకు మందో, ఎంతవరకు మత్తో వైద్యులే తేల్చవలెను.

మనకు ఈ మొక్క క్రొత్తది కాదు. ఆయుర్వేదము దానిని విజయ యన్నది. యూనానీ హకీములు అరబ్బీలో కిన్నబ్ అనిరి. భంగును తేనెతోను, దినుసులతోను కలిపి మాజూన్ అను లేహ్యము చేయుచుండిరి. గోవాలో కాపురమున్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చువేయించిన మూలికల గ్రంథములో భంగును గూర్చి ఒక ప్రకరణము వ్రాసెను. ఆయన అహమ్మదునగరు సుల్తానునకు వైద్యము చేసినవాడు, అనగా మన దక్కను ఎరిగినవాడే. తరువాత ఇంగ్లీషువారు 1893లో ఒక విచారణ సంఘమును నియమించి, ఊరూర సాక్ష్యములు సేకరించి, మరుసటి యేట పెద్ద సంపుటములుగా నివేదిక వెలువరించిరి. మితముగా వాడినచో చెప్పుకొనదగిన హాని లేదనియు, పూర్తి నిషేధము తగదనియు వారు తేల్చిరి. ఆ నివేదికలో మన తెలుగునాటి పేర్లు కనబడుట విశేషము. నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు ప్రాంతము మదరాసు రాజధానిలో గంజాయి సాగునకు పేరుపడియుండెను. ఆ సాగు ఇపుడు చట్టవిరుద్ధము. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము పూతను, బంకను నిషేధించెను. పూత లేని ఉత్త ఆకును మాత్రము ఆ నిర్వచనము నుండి విడిచెను. కనుక అమెరికాలోని అంగడి వంటిది పాతబస్తీలో వెదకినను దొరకదు. ఉన్నచో అది పోలీసువారు చూడవలసిన సంగతి, మనది కాదు.

ఇక సిపాయిల మాట. నిజాము రాజ్యమున క్రమబద్ధమైన దళములు గాక, నజ్మె జమీయత్ అను పేర ఇతర బలగములు కలవు. హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బులు, రోహిలాలు, రంజిత్ సింగు కాలమున లాహోరు నుండి వచ్చిన సిక్కులు అందుండిరి. పాతనగరమునకు దక్షిణమున ఉన్న బార్కస్ అను పేట పేరు ఇంగ్లీషులోని బారక్సు అను మాటకు మారురూపమే. ఇక ఏ.సి. గార్డ్స్. ఆ పేరు వినినంతనే నేటి బాలురకు గదిని చల్లబరచు యంత్రము తోచును గాని, అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనుదానికి పొట్టిపేరు. ఆ సిద్దీ అశ్వికదళమునకు మూలము మన తెలుగు సంస్థానమే: వనపర్తి రాజు పెంచిన ఆఫ్రికా అంగరక్షకదళము కాలక్రమమున నిజాము కొలువునకు చేరినది.

1948 సెప్టెంబరులో అయిదు దినములలో ఆ రాజ్యము ముగిసెను. బలగములు రద్దయినవి. అరబ్బులలో పలువురు ఓడలెక్కింపబడి స్వదేశమునకు పంపబడిరి. వారిలో ఇక్కడనే పుట్టి, స్వదేశమును కన్నెత్తి చూడనివారును కలరు. నిలిచినవారు కత్తి దించి వేరు బ్రతుకుతెరువు వెదకుకొనిరి. చరిత్ర గ్రంథములు ఆ అయిదు దినములను గూర్చి అధ్యాయములు వ్రాసినవి. కొలువు పోయిన జవాను మరునాడేమి తినెనో వ్రాసినవి అరుదు. ఇది మాకు ఎప్పుడును బాధ కలిగించు లోపము.

వారి బొమ్మ యొకటి మాత్రము మిగిలినది. అది ఏ చావిడిలోను లేదు, మందుసీసా మీద ఉన్నది. 1920లో హకీము మహమ్మదు మొయిజుద్దీన్ ఫారూఖీ ఒక మందు కూర్చి దానికి జిందా తిలిస్మాత్ అని పేరిడెను. సజీవమైన ఇంద్రజాలమని అర్థము. నీలగిరి తైలము, కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, వాముపువ్వు అందలి ద్రవ్యములు; ఆ ఎర్రని రంగు రతన్‌జోత్ వేరుది. భంగు లేదు, నల్లమందు లేదు. జలుబునకు వేడి టీలో నాలుగు చుక్కలు, తలనొప్పికి నుదుట రెండు చుక్కలు; ఇంతే దాని వాడుక. అంబరుపేటలోని కార్ఖానాను నేటికిని ఆ కుటుంబమే నడపుచున్నది. సీసా కాగితము మీద నిలిచినవాడు ఒక సిద్దీ. నిజాము సైన్యములో సిద్దీలు దేహదార్ఢ్యమునకు పేరొందినవారు గనుక బలమునకు గుర్తుగా ఆ బొమ్మను ఎన్నుకొనిరని ఆ కుటుంబమువారు చెప్పుదురు.

హిందువుల ఇంటను, ముసల్మానుల ఇంటను, అలమర మూల ఆ సీసా ఉండును. బిడ్డకు జలుబుచేసిన రాత్రి దానిని చేతికి తీసుకొను తల్లి, ఆ బొమ్మ ఎవరిదని అడుగదు. అడిగినచో మాసాబ్ ట్యాంకు వైపు చూపవలెను. ఆ దగ్గరనే ఏ.సి. గార్డ్స్ వీధులలో ఆ అశ్వికుల మనుమలు, మునిమనుమలు కాపురమున్నారు. గుఱ్ఱములు లేవు. నగరములో పెండ్లి అన్నచో మాత్రము వారి మర్ఫా డప్పుల కొరకు కబురు వచ్చును. వరుని ఊరేగింపు ముందర ఆ దరువు పాతబస్తీ సందులలో అర్ధరాత్రి దాక మ్రోగుచుండును.